ఔట్‌బోర్డ్ ఇంజను గాలి ప్రవేశ మార్గంలో మార్పులు

పడవ వెనుక అంచుకు బయటివైపున బిగించు మోటారును ఔట్‌బోర్డ్ ఇంజను అంటారు. ఈ ఇంజను సిలిండర్లలోనికి ఎక్కువ గాలి, ఇంధనముల మిశ్రమము చేరునట్లుగా ఎయిర్‌బాక్సు, కార్బురేటరు, రీడ్ కవాటములు, క్రాంకుకేసు మొదలగు భాగములను కర్మాగారములో తయారైన స్థితి నుండి మార్చుటనే గాలి ప్రవేశ మార్గములో మార్పులు చేయుట అందురు. పోటీ పడవల యజమానులు ఈ పనిని దశాబ్దములుగా చేయుచున్నారు. గాలిని పెంచుట అంత కష్టమైన పని కాదు. పెరిగిన గాలికి సరిపడు ఇంధనమును అన్ని వేగములలోను, అన్ని సిలిండర్లకు సమానముగా అందించుటయే కష్టము. ఇంధనము తక్కువైనచో పిస్టను సిలిండరులో పట్టివేయును. తీరమునకు దూరముగా ఉన్న పడవలో ఇది ప్రాణాపాయమునకు దారితీయవచ్చును.

ఇంజను నిర్మాణం, చరిత్ర

ఔట్‌బోర్డ్ మోటారులో మూడు భాగములుండును. పైన మూత క్రింద ఇంజను, మధ్యలో కాడ వంటి నిలువు భాగము, అడుగున నీటిలో మునిగియుండు గేర్‌కేసు మరియు ప్రొపెల్లరు. క్రాంకు దండము నిలువుగా ఉండుట వలన సిలిండర్లు ఒకదానిపై ఒకటి పేర్చినట్లుగా అడ్డముగా ఉండును. అమెరికాలోని డెట్రాయిట్‌కు చెందిన కామెరాన్ వాటర్‌మాన్ 1905లో ఇటువంటి మోటారును ప్రయోగించెను. మిల్వాకీ నగరవాసి ఓలే ఎవిన్‌రూడ్ 1909 నుండి అమ్మిన ఒకటిన్నర అశ్వశక్తి మోటారు జనాదరణ పొందినది. ఆయన పేరుతో వెలువడిన ఇంజనుల ఉత్పత్తి 2020లో నిలిచిపోయినది.

ఇరవయ్యవ శతాబ్దమంతయు ఔట్‌బోర్డ్ ఇంజనులలో అధికభాగము రెండు స్ట్రోకుల ఇంజనులే. మార్పుల గురించిన అనుభవము కూడ ఎక్కువగా వాటిపై వచ్చినదే. అందువలన ఈ వ్యాసములో వాటికే ఎక్కువ చోటు ఇవ్వబడినది.

గాలి సిలిండరుకు చేరు విధానం

మూత పైభాగమున, సాధారణముగా వెనుకవైపున, గాలి రంధ్రములుండును. వాటి లోపల ఉన్న అడ్డుపలకలు గాలితోపాటు వచ్చు నీటితుంపరలను వేరుచేసి బయటకు కార్చివేయును. నీటిపై దుమ్ము తక్కువ కనుక మోటారు సైకిలుకు ఉన్నట్లు గాలిని వడకట్టు ఫిల్టరు ఈ ఇంజనులలో చాలావాటికి ఉండదు. తరువాత గాలి ఎయిర్‌బాక్సులోనికి, అచ్చటినుండి కార్బురేటరులోనికి పోవును. ఎయిర్‌బాక్సు పీల్పు శబ్దమును తగ్గించును. కార్బురేటరు నుండి వెనుకకు చిమ్మిన ఇంధనపు తుంపరలను పట్టి ఉంచును.

రెండు స్ట్రోకుల ఇంజనులో మిశ్రమము నేరుగా సిలిండరులోనికి వెళ్ళక ముందుగా క్రాంకుకేసును చేరును. పిస్టను పైకి పోవునపుడు క్రాంకుకేసులో పీడనము తగ్గి, రీడ్ కవాటపు రెక్కలు తెరచుకొని మిశ్రమము లోనికి వచ్చును. పిస్టను క్రిందికి దిగునపుడు రెక్కలు మూసుకొనును. లోపల నొక్కబడిన మిశ్రమము పక్క దారుల ద్వారా సిలిండరులోనికి ఎగయును. ప్రతి సిలిండరుకు విడిగా, గాలి చొరబడని క్రాంకుకేసు గది ఉండును.

ఒక లీటరు పరిమాణము గల రెండు స్ట్రోకుల ఇంజను నిమిషమునకు 6000 చుట్లు తిరుగుచు, ప్రతి చుట్టులోను పూర్తిగా నిండినదనుకొన్నచో, సెకనుకు 100 లీటర్ల గాలిని పీల్చవలెను. ఇంత గాలి ఒక చిన్న మూతలోని మలుపుల గుండా పోవలసియున్నది. మార్పులు చేయువారు వెదకునది ఈ దారిలోని అడ్డంకులనే.

ఎయిర్‌బాక్సు, పైమూత

అందరు మొదట చేయు పని ఎయిర్‌బాక్సును తీసివేయుట. ఖర్చు లేదు, శబ్దము పెరుగును, బలము కూడ పెరిగినట్లు తోచును. అయితే తోచినంత లాభము ఉండదు. కార్బురేటరు ఇంధనపు గిన్నెలోని పీడనమునకు, గొంతులోని తక్కువ పీడనమునకు గల తేడా వలననే ఇంధనము పైకి లాగబడును. ముందున్న అడ్డంకిని తీసివేసినపుడు గొంతులోని పీల్పు తగ్గి, గాలి మాత్రము పెరుగును. జెట్టు మార్చనిచో మిశ్రమములో ఇంధనము తక్కువగును. కొన్ని నమూనాలలో గిన్నె గాలిగొట్టము ఎయిర్‌బాక్సులోనికే తెరచుకొనును; అట్టివాటిలో తీసివేతతో లెక్క ఇంకొక విధముగా మారును. పైగా చిమ్మిన పెట్రోలు మూత లోపల పడి నిప్పు ప్రమాదమును పెంచును.

ఎయిర్‌బాక్సు స్థానములో గంట ఆకారపు మూతి గల గొట్టములను అమర్చుట దీనికంటె మేలైన పద్ధతి. గొట్టపు అంచు పదునుగా ఉన్నచో గాలి ప్రవాహము అంచువద్ద ముడుచుకొనును. ద్రవగతి శాస్త్రపు పాఠ్యపుస్తకములలో పదునైన అంచు గల ప్రవేశమునకు నష్ట గుణకము సుమారు 0.5గాను, బాగుగా గుండ్రపరచిన ప్రవేశమునకు 0.05 కంటె తక్కువగాను ఇవ్వబడియున్నది. ఖర్చుతో పోల్చిచూచిన లాభము దీనిలో ఎక్కువే అనవచ్చును.

గాలి ఉష్ణోగ్రత కూడ ముఖ్యమే. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఘనపు మీటరు గాలి బరువు సుమారు 1.165 కిలోలు; 60 డిగ్రీల వద్ద 1.06 కిలోలు. అనగా వేడెక్కిన మూత లోపలి గాలిని పీల్చు ఇంజనుకు ప్రతి గుక్కలోను తొమ్మిది శాతము గాలి తక్కువగా అందును. బయటి చల్లని గాలిని నేరుగా కార్బురేటరు మూతి వద్దకు చేర్చు దారి ఈ నష్టమును తగ్గించును. అయితే మూతకు ఇష్టము వచ్చినచోట రంధ్రము చేసినచో ఉప్పునీరు లోనికి వచ్చి, ఫ్లైవీలు క్రింద ఉన్న విద్యుత్ తీగచుట్లను, బేరింగులను తినివేయును. సముద్రముపై తిరుగు పడవకు ఈ మార్పు తగదు.

కార్బురేటరు

కార్బురేటరు గొంతును పెద్దది చేయుట రెండవ మార్గము. గొంతు వ్యాసము 32 మిల్లీమీటర్ల నుండి 36కు పెంచినచో దారి వైశాల్యము సుమారు 27 శాతము పెరుగును. కాని అంతే గాలి ప్రవహించునపుడు దాని వేగము తగ్గును. పీల్పు వేగపు వర్గమునకు అనుపాతములో ఉండుట వలన 38 శాతము పడిపోవును. ఇందువలన తక్కువ చుట్ల వద్ద ఇంధనము సరిగా లాగబడదు. పడవను నిలకడ స్థితినుండి నీటిపైకి లేపవలసిన సమయములో ఇంజను తడబడును. గమ్యరేఖ వద్ద మాత్రమే వేగము కావలసిన పోటీ పడవకు ఇది పెద్ద లోపము కాదు. వలలు, మంచు, మనుషులతో బరువెక్కిన పడవకు మాత్రము ఇది నష్టమే.

రీడ్ కవాటాలు

రెండు స్ట్రోకుల ఇంజను పీల్పులో సున్నితమైన భాగము ఇదే. లోహపు చట్రముపై ఒక చివర బిగించబడి, మరొక చివర స్వేచ్ఛగా కదలు పలుచని రెక్కలను రీడ్లు అంటారు. ఇంజను నిమిషమునకు 6000 చుట్లు తిరుగునపుడు ప్రతి రెక్క సెకనుకు 100 సార్లు తెరచుకొని మూసుకొనవలెను. రెక్క మెత్తగా ఉన్నచో తేలికగా తెరచుకొనును గాని, ఎక్కువ చుట్ల వద్ద సకాలములో మూసుకొనలేక అదరును. అపుడు క్రాంకుకేసులోని మిశ్రమము వెనుకకు కార్బురేటరులోనికి చిమ్మును. గట్టిగా ఉన్నచో అదరదు గాని, తక్కువ చుట్ల వద్ద చాలినంత తెరచుకొనదు.

ఒక చివర బిగించిన రెక్క సహజ పౌనఃపున్యము దాని మందమునకు అనులోమానుపాతములోను, పొడవు వర్గమునకు విలోమానుపాతములోను ఉండును. గట్టిదనము మందపు ఘనమునకు అనుపాతములో ఉండును. ఉదాహరణకు 0.4 మిల్లీమీటర్ల రెక్క బదులు అదే పదార్థముతో చేసిన 0.5 మిల్లీమీటర్ల రెక్కను వాడినచో పౌనఃపున్యము 25 శాతము పెరుగును. రెక్కను వంచుటకు కావలసిన బలము మాత్రము దాదాపు రెట్టింపగును. రీడ్ల ఎంపికలోని చిక్కంతయు ఈ రెండు సంఖ్యల మధ్యనే ఉన్నది. వేరొక ఇంజనుకు బాగున్న రెక్కలు తన ఇంజనుకు కూడ బాగుండునని భావించి కొనువారు నిరాశ చెందుటకు కారణము ఇదే.

పాత ఇంజనులలో రెక్కలు స్ప్రింగు ఉక్కుతో ఉండెడివి. ఉక్కు రెక్క అలసి విరిగినచో ముక్క క్రాంకుకేసులోనికి పోయి బేరింగులను, పిస్టనును గీయును. తరువాత వచ్చిన గాజుపీచు, కర్బనపీచు రెక్కలు తేలికైనవి. విరిగినను నష్టము తక్కువ. అయితే వాటి అంచులు పోగులు లేచి అరిగిపోవును కనుక అప్పుడప్పుడు విప్పి చూడవలెను. రెక్కను వెలుతురుకు ఎదురుగా పట్టి చూచినపుడు చట్రమునకు, రెక్కకు నడుమ సందు కనిపించినచో దానిని మార్చుట మంచిది. 1970ల దశకములో ఐవిండ్ బోయెసెన్ పలుచని రెక్కను మందపాటి రెక్కపై అమర్చిన రెండంచెల రీడ్లను ప్రవేశపెట్టెను. తక్కువ చుట్ల వద్ద పలుచనిది, ఎక్కువ చుట్ల వద్ద రెండును తెరచుకొనును. మోటారు సైకిళ్ళలో ప్రసిద్ధి పొందిన ఈ పద్ధతి ఔట్‌బోర్డులకు కూడ వచ్చినది.

రీడ్లు లేకుండా తిరుగు పళ్ళెముతో దారిని తెరచి మూయు పద్ధతి కూడ కలదు. బెర్లిన్‌కు చెందిన కోనిగ్ సంస్థ తన నాలుగు సిలిండర్ల పోటీ ఔట్‌బోర్డు ఇంజనులో దీనిని వాడినది. ఆ పడవ ఇంజనునే మోటారు సైకిలుకు అమర్చి, న్యూజీలాండ్‌కు చెందిన కిమ్ న్యూకూంబ్ 1973లో 500 సీసీ ప్రపంచ ఛాంపియన్‌షిప్పులో రెండవ స్థానము పొందెను. ఆ ఋతువు ముగియక ముందే ఆయన ఒక పందెములో ప్రమాదమునకు గురై మరణించెను.

క్రాంకుకేసు

క్రాంకుకేసులో ఖాళీ స్థలమును లోహపు ముక్కలతో గాని, ఇతర పదార్థముతో గాని నింపి మిశ్రమమును ఎక్కువగా నొక్కవలెనను అభిప్రాయము ఒకప్పుడు బలముగా ఉండెడిది. ఎగ్జాస్టు గొట్టపు పీడన తరంగములను వాడుకొను ఇంజనులలో పెద్ద క్రాంకుకేసు కూడ మేలు చేయునని తరువాతి అనుభవము చూపినది. నింపిన ముక్క ఊడినచో ఇంజను నాశనమగును. సాధారణ వాడుకదారుడు ఈ జోలికి పోకుండుట మంచిది.

ఇంధనము తక్కువైన మిశ్రమము వలన నష్టం

పెట్రోలు పూర్తిగా మండుటకు బరువు లెక్కన ఒక వంతు పెట్రోలుకు 14.7 వంతుల గాలి కావలెను. అధిక బలము కొరకు సుమారు 12.5 నుండి 13 వంతుల గాలి ఉండునట్లు చూతురు. ఎక్కువైన ఇంధనము ఆవిరియగుచు పిస్టనును, సిలిండరును చల్లబరచును. గాలి పెరిగి ఇంధనము పెరగనిచో దానిని మెకానిక్కులు లీన్ మిశ్రమము అంటారు. ఇది మోటారు సైకిలులో కంటె పడవలో ఎక్కువ హాని చేయును. దీనికి మూడు కారణములు కలవు.

పడవకు పల్లము లేదు. రోడ్డుపై బండి అప్పుడప్పుడు బలము లేకుండా దొర్లును. ఇంజనుకు విశ్రాంతి దొరకును. నీటిపై ప్రొపెల్లరు ఎడతెగక ఎదురు ఒత్తును. ఎల్లప్పుడు ఎత్తు ఎక్కుచున్న బండి వంటిదే పడవ. గట్టుమీద నీటి డ్రమ్ములో పరీక్షించినపుడు బాగుగా నడచిన ఇంజను నది మధ్యలో పది నిమిషముల తరువాత పట్టివేయుట ఇందుచేతనే.

నూనెను పెట్రోలులో కలిపి వాడు రెండు స్ట్రోకుల ఇంజనులో ఇంధనము తగ్గినపుడు నూనె కూడ తగ్గును. 50 పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు నూనె కలిపియున్న ఇంజనుకు ఇంధనము పది శాతము తక్కువగా అందినచో నూనె కూడ పది శాతము తక్కువే. వేడి పెరుగుట, జారుడు తగ్గుట ఒకేసారి జరుగును.

మూడవది అన్నిటికంటె మోసకరమైనది. పెద్ద ఔట్‌బోర్డులలో చాలావాటికి సిలిండరుకు ఒక కార్బురేటరు దారి విడిగా ఉండును. ఒక జెట్టులో నలుసు పడినచో ఆ ఒక్క సిలిండరుకే ఇంధనము తగ్గును. మిగిలిన సిలిండర్లు దానిని ఈడ్చుకొని పోవుచుండుట వలన నడుపువానికి తేడా తెలియదు. తెలియునప్పటికి పిస్టను తల కరిగి రంధ్రము పడియుండును, లేదా సిలిండరు గోడకు అంటుకొనియుండును. ఇంజను సీజ్ అయినదని మెకానిక్కులు అనునది దీనినే.

ఈ కారణముల వలన మార్పు చేసిన ప్రతిసారి పెద్ద జెట్టుతో మొదలుపెట్టి, ఒక్కొక్క మెట్టుగా తగ్గించుట సరియైన పద్ధతి. చిన్నదానితో మొదలుపెట్టి పెంచుట ప్రమాదకరము. పూర్తి వేగముతో నడిపి, వేగమును తగ్గించకుండగనే ఇంజనును ఆపి, అన్ని స్పార్కు ప్లగ్గులను విప్పి వరుసగా పెట్టి పింగాణి రంగును చూచెదరు. లేత గోధుమ రంగు మంచిది. తెల్లబడి, చిన్న చిన్న లోహపు చుక్కలు అంటియున్నచో ఇంధనము చాలుట లేదు. ఎగ్జాస్టు ఉష్ణోగ్రతను చూపు మీటరును ప్రతి సిలిండరుకు అమర్చుట ఇంకను నమ్మదగినది.

భారతదేశములో పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలుపు లక్ష్యము 2025లో నెరవేరినది. ఇట్టి ఇంధనము ఒక వంతు మండుటకు సుమారు 13.5 వంతుల గాలి చాలును. అనగా మామూలు పెట్రోలుకు సరిచేసిన జెట్లతో ఈ ఇంధనమును వాడినపుడు మిశ్రమము దానంతట అదే కొంత లీన్ అగును. ఔట్‌బోర్డ్ తయారీదారులలో పలువురు 10 శాతము ఇథనాలు వరకే అనుమతించుచున్నారు. ఇథనాలు తేమను పీల్చుకొనును కనుక పడవ టాంకులో అడుగున నీరు వేరుపడు అవకాశము కూడ కలదు. గాలిదారిని తెరచిన ఇంజనుకు ఈ ఇంధనము తోడైనచో రెండు దోషములు ఒకేవైపునకు పనిచేయును. ఆంధ్ర తీరములో ఫైబరు తెప్పలకు చిన్న ఔట్‌బోర్డులు బిగించి వేటకు పోవు మత్స్యకారులకు ఈ విషయము అవసరమైనది. ఒకే ఇంజను గల తెప్ప అది ఆగిన తరువాత గాలివాటుకు, నీటివాటుకు కొట్టుకొనిపోవును.

నాలుగు స్ట్రోకుల ఇంజనులు

వీటిలో క్రాంకుకేసు గుండా మిశ్రమము పోదు, రీడ్లు లేవు. చాలావాటిలో ఇంధనమును కంప్యూటరు కొలిచి చిమ్మును. గాలి గొట్టముల పొడవు, కవాటముల సమయము కర్మాగారములోనే లెక్కించి నిర్ణయింపబడును కనుక బయట చేయదగిన మార్పులు తక్కువ. తయారీదారులే ఈ దిశగా పనిచేసిరి. మెర్క్యురీ సంస్థ 2004లో వెలువరించిన వెరాడో ఇంజనులో గాలిని సూపర్‌చార్జరుతో నొక్కి పంపెడివారు. సుజుకి 2017లో విడుదల చేసిన 4.4 లీటర్ల, 350 అశ్వశక్తి ఇంజనులో గాలి దారికి రెండు వరుసల వంపు పలకలను అమర్చి, నీటితుంపరలను వేరుచేయుటతోపాటు పీల్చు గాలి బయటి గాలికంటె 10 డిగ్రీలకు మించి వేడెక్కకుండ చేసిరి. దీనివలన 12:1 వంటి ఎక్కువ నొక్కుడు నిష్పత్తిని వాడుటకు వీలు కలిగినది. పైన చెప్పిన చల్లని గాలి సూత్రము ఇక్కడ కర్మాగారమునుండే అమలైనది.

నీటి ప్రవేశ రంధ్రాలు

ఔట్‌బోర్డు నీటిని కూడ పీల్చును. గేర్‌కేసు పక్కన ఉన్న జల్లెడ రంధ్రముల ద్వారా రబ్బరు రెక్కల పంపు నీటిని తోడి ఇంజనును చల్లబరచును. వేగము కొరకు మోటారును పైకి ఎత్తి బిగించినపుడు ఈ రంధ్రములు నీటిపైకి తేలి, నీటికి బదులు గాలిని పీల్చును. అందువలన పోటీ పడవల గేర్‌కేసు ముక్కుకు కోణాకారపు తొడుగు అతికి, దాని కొనవద్ద క్రిందుగా రంధ్రములు చేయుదురు. గాలి ప్రవేశమును పెంచి బలము పెంచినవారు నీటి పీడన మీటరును కూడ అమర్చుట తప్పనిసరి. లోతు తక్కువైన ఇసుక నీటిలో పంపు రెక్కలు త్వరగా అరుగును; ఒక ప్లాస్టిక్ సంచి రంధ్రములకు అడ్డుపడినను చాలును.

వేగంలో లాభం

నీటిపైకి లేచి జారు పడవ వేగము బలమును బరువుతో భాగించగా వచ్చు విలువ యొక్క వర్గమూలమునకు అనుపాతములో ఉండునని అమెరికా పడవల రూపశిల్పి జార్జి క్రౌచ్ పేరుతో వాడుకలోనున్న సూత్రము తెలుపును. 40 అశ్వశక్తితో గంటకు 50 కిలోమీటర్లు పోవు పడవకు బలము 10 శాతము పెంచినచో వేగము సుమారు 52.4 కిలోమీటర్లగును. పడవ బరువును పదకొండవ వంతు తగ్గించినను ఇదే ఫలితము వచ్చును. ఇంజనుకు ప్రమాదము లేదు. నీటిని చీల్చుకొని నెమ్మదిగా పోవు బరువు పడవలలో ఈ మాత్రపు లాభము కూడ రాదు. ప్రొపెల్లరు పిచ్ సరిగా లేక ఇంజను తన నిర్ణీత చుట్లను అందుకొనలేని పడవలో గాలిదారిని మార్చుట వృథా ఖర్చు. మొదట చూడవలసినది ప్రొపెల్లరునే. బలపు శిఖరము ఎక్కువ చుట్లకు జరిగినపుడు పిచ్ తగ్గించనిచో ఆ బలము వాడుకలోనికి రాదు.

పోటీలు, చట్టాలు

అమెరికా పవర్ బోట్ అసోసియేషన్ పోటీలలో స్టాక్ ఔట్‌బోర్డ్, మోడిఫైడ్ ఔట్‌బోర్డ్ అను విభాగములు వేరువేరుగా ఉన్నవి. 1981లో మొదలైన ఫార్ములా 1 పడవల ప్రపంచ ఛాంపియన్‌షిప్పులో చాలాకాలము మెర్క్యురీ 2.5 లీటర్ల, ఆరు సిలిండర్ల రెండు స్ట్రోకుల ఇంజను వాడబడినది. నిమిషమునకు 10,500 చుట్ల వద్ద సుమారు 400 అశ్వశక్తినిచ్చు ఈ ఇంజను గంటకు 120 లీటర్ల ఇంధనము త్రాగును. ఈ పోటీలలోని ఒక గ్రాండ్ ప్రి 2018 నవంబరు 16 నుండి 18 వరకు అమరావతి పేరుతో విజయవాడ వద్ద కృష్ణానదిలో జరిగినది.

కార్బురేటరు గల పాత రెండు స్ట్రోకుల ఇంజనులలో ఇంధనములో 30 శాతము వరకు మండకుండగనే నీటిలోనికి, గాలిలోనికి పోవుననుట ఈ రంగము దిశను మార్చినది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1996లో నిబంధనలు ప్రకటించి, 1998 నుండి 2006 వరకు అంచెలంచెలుగా కొత్త ఔట్‌బోర్డుల హైడ్రోకార్బన్ ఉద్గారములను 75 శాతము తగ్గించవలెనని నిర్దేశించినది. ధృవీకరణ పొందిన ఇంజను ఉద్గార నియంత్రణ భాగములను మార్చుట ఆ దేశములో చట్టవిరుద్ధము. పోటీలకే తయారైన ఇంజనులకు వేరు నియమములున్నవి.